మావయ్య ప్రాణం దాచిన చీటీ

మొన్న ఎండాకాలం సెలవులకి మా మనవరాలు గుడివాడ వస్తూ ముగ్గురు స్నేహితురాళ్ళని వెంటబెట్టుకొచ్చింది. వచ్చిన పూటే నా భోజనాల బల్ల ఆక్రమించారు. బల్లనిండా పటాలు, పెన్సిళ్ళు, లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు, వాటి మధ్యలో నేను పెట్టిన జంతికల పళ్ళెం. కాసేపటికి ఇరవై ముఖాల పాచిక ఒకటి బల్లమీంచి దొర్లి నా కాలిదగ్గర ఆగింది. నేను వంగి తీసేలోపల నలుగురూ "పదిహేడు!" అని కేకలు పెట్టారు. ఎందుకో అర్థమయ్యేలా చెబుదామని మనవరాలు నా పక్కన చేరింది. ఇది కథ చెప్పుకునే ఆటట, ఒకరు కథ నడుపుతారట, మిగతావాళ్ళు తలో పాత్రా తీసుకుని అందులో తిరుగుతారట, ఏ పని నెగ్గుతుందో ఏది నెగ్గదో పాచిక చెబుతుందట. నేను ఏమీ తెలియనిదానిలా తల ఊపాను. ఇదే ఆట నలభై ఆరేళ్ళ క్రితం బందరులో గవ్వలతో ఆడానంటే ఆ పిల్లలు నమ్ముతారా? "నువ్వూ రా అమ్మమ్మా, ఒక పాత్ర తీసుకో" అంది. సరేనన్నాను. కుర్చీ కూడా లాక్కున్నాను. అప్పుడది చిన్న కాగితం ముక్క నాముందు పెట్టి, "నీ పాత్రకి ఒక రహస్యం ఉండాలి. దీనిమీద రాసి నాకొక్కదానికే ఇవ్వు, ఎవ్వరికీ చెప్పను" అంది. నేను కుర్చీలోంచి లేచిపోయాను. పొయ్యిమీద కుక్కరుందని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యిమీద ఏమీ లేదు.

ఆ ఆట మాకు తెచ్చింది మా మావయ్య. అమ్మకి ఆఖరి తమ్ముడు. చల్లపల్లిలో ఉన్న అమ్మమ్మా తాతయ్యలకి అతన్ని ఏం చెయ్యాలో తోచక, డిగ్రీ కాగానే బందరులో ఉన్న మా ఇంటికి పంపించారు. బ్యాంకు పరీక్షలకి చదవడం అతని ఉద్యోగం. పొద్దున్నే పుస్తకం తెరిచేవాడు, మధ్యాహ్నానికి దానిమీదే చెంప ఆనించి నిద్రపోయేవాడు. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం కంచులా మోగేది. కథ చెబితే వీధిలో వెళ్ళే కూరగాయలమ్మి బుట్ట దించి వినేది. అయితే ఆ కంచుగొంతు మా నాన్నగారు ఇంట్లో ఉన్నప్పుడు సగానికి సగం తగ్గిపోయేది. నాన్నగారికి గుడ్లవల్లేరు దగ్గర పొలం. మా చదువుల కోసమని బందరులో కాపురం పెట్టి, వారంలో నాలుగురోజులు బస్సెక్కి పొలానికి వెళ్ళొచ్చేవారు. కేకలు వేసే మనిషి కాదు. వరండాలో ఆయన చెప్పులు విడిచిన చప్పుడు వినబడితే చాలు, మావయ్య పుస్తకం తిరగేసి పట్టుకున్నా సరే చదవడం మొదలుపెట్టేవాడు.

దివిసీమ ఉప్పెన తర్వాత రెండో ఎండాకాలం అది. నేను ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. మావయ్య స్నేహితుడొకడు ఓడలో వైర్లెస్ పని చేసేవాడు. అతను విశాఖపట్నంలో దిగినప్పుడు ఏదో దేశపు నావికుడి దగ్గర సంపాదించిన చిన్న పుస్తకాన్ని మావయ్యకిచ్చాడు. దానికి అట్టల్లేవు, మొదటి పేజీలూ లేవు. ఉన్నవాటిలో బొమ్మలు, లెక్కల పట్టీలు, రాక్షసుల జాబితాలు. మావయ్య బ్యాంకు పరీక్షల పుస్తకాలకి ఏనాడూ చూపించని భక్తితో దాన్ని వారంరోజులు చదివి, పొడుగు నోటుపుస్తకంలో తెలుగులో నియమాలు రాయడం మొదలుపెట్టాడు. ఒంటిలో మిగిలిన బలాన్ని లెక్కపెట్టే పట్టీకి 'ఆయుష్షు' అని పేరు పెట్టాడు. మనిషికి ఇరవై చింతగింజలు, దెబ్బ తగిలినప్పుడల్లా ఒక గింజ తీసెయ్యాలి. చాలా ముఖాల పాచికలు మాకు దొరకవు కనక అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తీసుకున్నాడు. ఒకటి పడితే పని చెడినట్టు, రెండు మూడు పడితే అయినట్టు, చెమ్మా పడితే ఘనంగా అయినట్టు. నాలుగూ బోర్లా పడి అష్టా వచ్చిందంటే మానవమాత్రులకి సాధ్యంకాని పని కూడా అయిపోయేది.

చిక్కల్లా యుద్ధం దగ్గర వచ్చింది. యుద్ధం ఎలా చెయ్యాలో, ఎవరు గెలిచారని ఎలా తేల్చాలో చెప్పే పేజీలన్నీ ఎలుకలు కొట్టేశాయి. మావయ్య రెండురోజులు బుర్ర గోక్కుని, మా ఊళ్ళలో తగువు ఎలా తెగుతుందో అలాగే తెగాలని నియమం రాసేశాడు. పెద్దమనుషులు కూర్చోవాలి. అటొక మాట, ఇటొక మాట వినాలి. అందువల్ల మా ఆటలో రాక్షసుడు కూడా కత్తి పక్కనబెట్టి, తన తరఫున మాట్లాడ్డానికి ఒక మనిషిని తెచ్చుకోవలసి వచ్చేది. అసలు ఆట పుట్టిన దేశంలో ఈ సంగతి తెలిస్తే ఏమనుకుంటారో గానీ, మాకు అంతకంటే న్యాయంగా ఇంకేదీ తోచలేదు. ఇంకొక తంటా. కథ నడిపేది మావయ్య కాబట్టి రాక్షసులందరూ మావయ్యే. మావయ్యని పట్టుకుని "ఒరే" అనడం ఎలా? అందుకని నేను "రాక్షసుడుగారూ, కాస్త దారి వదలండి" అనేదాన్ని. అతను "వదలనండీ" అని అంతే మర్యాదగా గర్జించేవాడు.

ఆడేది ముగ్గురం. ఒకదాన్ని నేను. రెండోది, మా వెనకవీధిలో బట్టలమీద అద్దకం వేస్తూ, దానికి చెక్క అచ్చులు కూడా చెక్కే ఆయన కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్దది, వాళ్ళ భాషలో అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని, వాళ్ళ నాన్నగారిని చాచా అనేదాన్ని. వాళ్ళ పెరట్లో ఎప్పుడూ వేళ్ళూ బెరళ్ళూ ఉడికే వాసన, దానికి తోడు నల్లరంగు కోసం ఇనపతుక్కూ బెల్లమూ నానబెట్టిన కుండల పులిసిన వాసన. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని, ఆ తర్వాత ఆ వాసన తగలకపోతే ఆరోజు వెలితిగా ఉండేది. మూడోవాడు దివి అన్నయ్య. మా పెదనాన్న కొడుకు, దివిసీమవాడు. ఉప్పెనలో వాళ్ళ ఇంట్లో మిగిలినవాడు అతనొక్కడే. అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉండేవాడు. మాటలు తక్కువ. ఆటలో మాత్రం పడవ నడిపే సరంగు పాత్ర తీసుకుని, ఏ పాయలో ఏ పోటుకి ఎంత నీరుంటుందో, మడ అడవిలో వేళ్ళమధ్య దోనె ఎలా తిప్పాలో మాకు చెప్పేవాడు. పాముని చంపడానికి మాత్రం ఒప్పుకునేవాడు కాదు. వాళ్ళమ్మ మోపిదేవి గుళ్ళో పాముపుట్టకి మొక్కుకుంటే పుట్టినవాణ్ణని, ఉత్తుత్తి పాముమీద కూడా చెయ్యి ఎత్తనని కూర్చున్నాడు. దాంతో పాము ఎదురైతే పాలుపోసి పంపాలని ఇంకో నియమం వచ్చింది.

మావయ్య గురించి ఇంకో సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఆ తర్వాత జరిగినదానికి నాకెందుకంత మండిందో మీకు తెలియదు. మొదటి వారంలో ఒకరోజు కథ రక్తి కట్టించే ఉత్సాహంలో మావయ్య, సముద్రం లేచి తాటిచెట్టంత ఎత్తున వస్తోందని చెప్పేశాడు. దివి అన్నయ్య లేచి, చేతిలో ఉన్న గవ్వల్ని చాలా నెమ్మదిగా గుడ్డమీద పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు. మావయ్య వెంటనే నోటుపుస్తకం తీసి అన్నిటికంటే పైన, ఖాళీగా ఉన్న అంచులో, "ఈ లోకంలో ఉప్పెన రాదు" అని రాశాడు. సాయంత్రం అది తీసుకెళ్ళి అన్నయ్యకి చూపించాడు. "రాసింది మారదు రా. ఏ రాక్షసుడొచ్చినా మార్చలేడు" అన్నాడు. అన్నయ్య ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూసి, మర్నాడు వచ్చి మళ్ళీ ఆటలో కూర్చున్నాడు. అలాంటి మనిషిని ఎవరు నమ్మరు? నేనైతే తలతాకట్టు పెట్టి నమ్మాను.

ఆడడానికి పటం కావాలి కదా. అద్దకంలో రంగు పాకి పాడైన దుప్పటి ఒకటి చాచా ఇచ్చారు. ఆపా అరిగిపోయిన పాత అచ్చులు తెచ్చి, చేప అచ్చుతో సముద్రం, ఆకు అచ్చుతో మడ అడవి, చిలక అచ్చుతో ఆకాశం అద్దింది. ఏడు లంకల్నీ, వాటిమధ్య పాయల్నీ, ఉప్పుమడుల్నీ, ఎవరూ వెలిగించని దీపస్తంభాన్నీ నేను వెదురు కలంతో నల్లరంగులో గీశాను. ఆటలో నా పాత్రే దారులు గీసే మనిషి. నేను గీస్తేనే ఆ లోకంలో దారి పుడుతుంది. నెలరోజులు నడుం విరిగేలా వంగి గీశాను. ఒకరోజు చాచా ఆ గుడ్డముందు చతికిలబడి, కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూశారు. "నీ చేతిలో పనుందమ్మా. ఊరికే పోనివ్వకు" అన్నారు. ఆయన దగ్గర అచ్చులు చేయించుకునేవాళ్ళు హైదరాబాదు నుంచి వచ్చేవారు. బొమ్మలు నేర్పే కాలేజీ ఒకటుందని, దరఖాస్తు పంపితే ఇంటర్వ్యూకి పిలుస్తారని వాళ్ళ ద్వారా తెలుసుకుని నాకు చెప్పారు. నాన్నగారు ఒప్పుకోరని నాకు తెలుసు. పంపితే పోయిందేముందని పంపాను. చిరునామా ఆపా వాళ్ళింటిది ఇచ్చాను. జూన్‌లో ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు పొద్దున పదింటికి హైదరాబాదు రమ్మని, గీసిన బొమ్మలు వెంట తెచ్చుకోమని. ఆపా దాన్ని ఓణీలో దాచి తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇద్దరం పెరట్లో నోరు నొక్కుకుని గెంతులు వేశాం. ఇంటర్వ్యూ ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోగా అమ్మని ఎలా మెత్తబరచాలో, అమ్మచేత నాన్నగారికి ఎలా చెప్పించాలో ఆలోచించుకుందామనుకున్నాను.

ఉత్తరం దాచడానికి ఇంట్లో ఒక్కచోటే పనికొచ్చింది. కొట్టుగదిలో చెక్క అటక. దానిమీద ఆ ఏటి ఆవకాయ జాడీలు వరసగా, మూతిమీద గుడ్డతో వాసెన కట్టి ఉండేవి. అమ్మ తప్ప వాటిని ఎవరూ తాకకూడదు. తాకినా తడిచెయ్యి అసలు తగలకూడదు. అమ్మ కూడా కొంగుతో చెయ్యి రెండుసార్లు తుడుచుకునిగానీ జాడీ ముట్టేది కాదు. ఎడమనుంచి మూడోది పెద్దజాడీ, సంక్రాంతి దాటితేగానీ దించరు. అది కొంచెం పైకెత్తి, కింద పరిచిన పాత న్యూస్‌పేపరు మడతలో ఉత్తరం పెట్టాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మావయ్య కొత్త నియమం రాశాడు. పాతకథల్లో రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాలవతల చిలకలో ఉంటుంది కదా, మన పాత్రలకీ అలాగే ఉండాలన్నాడు. ప్రతివాళ్ళూ తమ ప్రాణం దాచిన చోటు చీటీమీద రాసి, మడిచి, లక్క ముద్ర వేసి ఇవ్వాలి. చీటీలు మావయ్య దగ్గర బిస్కట్ల డబ్బాలో ఉంటాయి. ఆ చోటు ఇంకొకరికి తెలిసిందో, ఆ పాత్ర చచ్చిపోతుంది. పాత్ర చచ్చాక అందరిముందూ చీటీ విప్పవచ్చు, బతికుండగా మాత్రం ఎవరూ విప్పకూడదు. నేను ఏదో గుహ పేరు రాయబోతుంటే మావయ్య వేలు ఊపాడు. "అలా కాదమ్మాయ్! ఊహించి రాస్తే ప్రాణం నిలవదు. నిజంగా నువ్వు ప్రాణంగా చూసుకునేది ఏదుందో, అది ఎక్కడుందో రాయాలి. అబద్ధం రాసినవాళ్ళకి మొదటి పందెంలోనే ఒకటి పడుద్ది" అన్నాడు. మరి నీ చీటీ ఎవరిదగ్గరుంటుందని ఆపా అడిగింది. అతను గవ్వలు గుప్పిట్లో ఆడిస్తూ మా ముగ్గురినీ చూశాడు. తర్వాత, లక్క ముద్ర వేసిన తన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి, "నా ప్రాణం నీ దగ్గర, నీ ప్రాణం నా దగ్గర" అన్నాడు. ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి. పదిహేడేళ్ళ పిల్లని, తమ ప్రాణం దాచమని నాకెవరూ అంతకుముందు ఇవ్వలేదు. నా చీటీమీద ఉన్నదున్నట్టు రాసేశాను. కొట్టుగది అటక, మూడో జాడీ కింద, కాగితం మడతలో, హైదరాబాదు ఉత్తరం.

ఆపా వాళ్ళ వీధిలో నా పేరుతో ఉత్తరం ఇచ్చానని పోస్ట్‌మాన్ మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా, బస్టాండు దగ్గర నాన్నగారితో అన్నాడట. నాన్నగారు ఇంటికొచ్చి నన్నేమీ అడగలేదు. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయనా మావయ్యా వరండాలో కూర్చుని మజ్జిగ తాగారు. నేను లోపల ఎండిన వడియాలు డబ్బాలోకి ఎత్తుతున్నాను. మాటలు వినబడలేదు, మావయ్య గొంతు సగానికి తగ్గిందని మాత్రం తెలుస్తోంది. కాసేపటికి నాన్నగారు లేచి, మజ్జిగ గ్లాసు పట్టుకున్న తడిచేతుల్తోనే లోపలికి వచ్చారు. పీట తీసుకున్నారు. తిన్నగా కొట్టుగదిలోకి వెళ్ళి, ఇటూ అటూ చూడకుండా, మొదటి జాడీ ముట్టకుండా, రెండోది ముట్టకుండా, మూడో జాడీ ఎత్తి కాగితం మడతలోంచి ఉత్తరం తీశారు. వెతకలేదు. వెతికి ఉంటే ఎన్నాళ్ళకో మరిచిపోయేదాన్నేమో. చెయ్యి తిన్నగా మూడోదాని మీదికి వెళ్ళింది. ఆ చోటు తెలిసింది ఈ ప్రపంచంలో నాకూ, బిస్కట్ల డబ్బాకీ.

ఉత్తరంమీద జాడీ అడుగున్న నూనె గుండ్రంగా మరకపడి ఉంది. నాన్నగారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి చొక్కాజేబులో పెట్టుకున్నారు. "గుడివాడ కాలేజీలో బీయస్సీకి మాట్లాడొచ్చాను. సోమవారం వెళ్ళి చేరుదువుగాని" అన్నారు. అంతే. తిట్టి ఉంటే ఎదురుచెప్పడానికి ఏదైనా దొరికేది. అమ్మ పరుగున వచ్చి జాడీ చూసుకుని, "తడిచేత్తో ముట్టుకున్నారా? అయ్యో, ఇంకేం నిలవుంటుంది!" అని కూలబడింది. ఆమె ఏడ్చింది ఆవకాయకే అని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడైతే అంత గట్టిగా అనలేను. సాయంత్రం నాన్నగారు చాచా వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, ఇకమీదట మా అమ్మాయి ఉత్తరాలు తీసుకోవద్దండీ అని మర్యాదగానే చెప్పి వచ్చారు. ఆ మర్యాద చాచాని కొట్టినంత పని చేసిందట. ఎవరు చెప్పి ఉంటారని ఆపా ఆలోచిస్తే, ఉత్తరం సంగతి తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కనబడ్డాను. బెదిరించగానే నేనే మొత్తం కక్కేశానని అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మావయ్య ఏమీ జరగనట్టు వరండాలో పటం పరిచాడు. గవ్వలు తీశాడు. చింతగింజలు పంచాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆపా రాలేదు. దివి అన్నయ్య వచ్చి ఒక మూలగా కూర్చున్నాడు. నేను నిలబడే అడిగాను.

"మావయ్యా, నా చీటీ ఎక్కడుంది?"

"డబ్బాలోనే ఉందమ్మా."

"లక్క ముద్ర ఉందా?"

మావయ్య గవ్వలు ఒక్కొక్కటే వరసగా సర్దాడు. "నీ ముఖం చూసి రెండ్రోజులుగా ఏదో ఉందనుకుంటున్నాను. చూద్దామని విప్పా. బావగారు ఎదురుగా కూర్చుని, నీకేవైనా తెలుసా అనడిగితే ఏం చెప్పమంటావు? ఆయన ఉప్పు తింటన్నా. తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటావా?"

అంటే నాన్నగారు అడగకముందే అతను చీటీ విప్పాడు. ఆ సంగతి తను చెప్పేశానని కూడా అతనికి తట్టలేదు. "సరే. చోటు ఇంకొకళ్ళకి తెలిస్తే పాత్ర చచ్చిపోద్దని రాసింది నువ్వే కదా. నా పాత్ర చచ్చిపోయింది. అందరిముందూ చీటీ చదువు" అన్నాను.

అప్పుడు మావయ్య చేసిన పని ఇప్పటికీ నాకు మింగుడుపడదు. నోటుపుస్తకం తెరిచాడు. వేలు పెట్టి నియమం వెతికాడు. ముఖం వికసించింది. నన్ను సంతోషపెట్టే మాట దొరికిందని నిజంగానే అనుకున్నాడు. "ఇదిగో చూడు. ఆటలో ఉన్న ఇంకొకరికి తెలిస్తే అని ఉంది. బావగారు ఆటలో లేరు, నేనా నడిపేవాణ్ణి, ఆడేవాణ్ణి కాదు కదా! నీ పాత్రకేం కాలేదమ్మా. ఇరవై గింజలూ అలాగే ఉన్నాయి. కూచో."

తగువు వస్తే పెద్దమనుషులు కూర్చోవాలని అదే పుస్తకంలో ఉంది. కూర్చోమన్నాను. కూర్చోడానికి ఉన్నది దివి అన్నయ్య ఒక్కడే. అతను తలొంచుకుని పటంమీద చేపల్ని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. చివరికి, "నేను బాబాయ్ ఇంట్లో ఉంటన్నానమ్మా" అన్నాడు. అతనిమీద నాకు కోపం రాలేదు. మావయ్య మీద మాత్రం ఎంత కోపం వచ్చిందంటే, పెట్టెలో ఉన్న అతని చీటీ తెచ్చి అక్కడికక్కడే చింపి గట్టిగా చదివేద్దామనుకున్నాను. పెట్టెదాకా వెళ్ళాను, చేతిలోకి తీసుకున్నాను కూడా. లక్క ముద్ర గట్టిగా ఉంది. బతికుండగా విప్పకూడదని నియమం. అతను తప్పాడు కదాని నేనూ తప్పితే మా ఇద్దరికీ తేడా ఏముందని పంతం పట్టాను. ఆ చీటీని నా జామెట్రీ పెట్టెలో పడేసి మూత వేశాను. ఇంటర్వ్యూ రోజు పొద్దున పదింటికి నాన్నగారి చొక్కా తాడుమీద ఆరుతోంది. ఉత్తరం ఆయన ఏం చేశారో నేను అడగలేదు. ఆ ఏడు మూడో జాడీ ఆవకాయ నిజంగానే బూజు పట్టింది.

గుడివాడలో బీయస్సీ చదివాను. పెళ్ళయింది. సైన్సు టీచరునై ముప్ఫైమూడేళ్ళు కప్ప గుండెకాయా, చెట్టుకాండం అడ్డుకోతా బోర్డుమీద గీశాను. తనిఖీకి వచ్చిన ప్రతి అధికారీ ఆ బొమ్మలు మెచ్చుకున్నాడు. నాకేమీ లోటు జరగలేదు, అది నేనూ ఒప్పుకుంటాను. ఆపాని మాత్రం చాలా ఏళ్ళ తర్వాత బందరు బస్టాండులో చూశాను. మనవణ్ణి ఎత్తుకుని ఉంది. "నువ్వు చెప్పలేదని తర్వాత తెలిసిందే. మీ అన్నయ్య వచ్చి చెప్పాడు. కానీ అప్పటికి నీతో మాట్లాడకుండా ఉండడం అలవాటైపోయింది" అంది. ఇద్దరం నవ్వాం. తన బస్సు వచ్చేసింది.

మావయ్యకి మరుసటేడే ఉద్యోగమొచ్చింది. చల్లపల్లిలో ఇల్లు కట్టాడు. ఏ శుభకార్యంలో కనబడినా, "ఎంత బాగా ఆడామమ్మా ఆ వేసవి! గుర్తుందా?" అనేవాడు. అందులో ఎగతాళి లేదు. అతనికి గుర్తున్నది ఆట ఒక్కటే. నేను తల ఊపి భోజనాల దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. రెండేళ్ళ క్రితం పోయాడు. పదకొండోరోజు వెళ్ళినప్పుడు, వాళ్ళ పిల్లలు అతని కథలు తలుచుకుని ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది. ఎవరికోసమో నాకే తెలియలేదు. అతను పోయాడు కనక నియమం ప్రకారం చీటీ విప్పవచ్చు. అయినా విప్పలేదు. అందులో ఏ మంచిమాటో ఉంటే క్షమించేయాల్సి వస్తుందని భయం. ఇన్నేళ్ళు అట్టేపెట్టుకున్న కోపం ఒక్క కాగితంముక్కకి కరిగిపోతే, ఇంక నా దగ్గరేం మిగులుతుంది?

ఇదంతా వంటింట్లో ఖాళీ పొయ్యి ముందు నిలబడి తలుచుకున్నాను. "అమ్మమ్మా, కుక్కర్ కూత రావట్లేదేంటి?" అని మనవరాలు కేకేసింది. నేను పడకగదిలోకి వెళ్ళి బీరువా తీసి, చీరల అడుగున ఉన్న జామెట్రీ పెట్టె బయటికి లాగాను. చీటీ పసుపు రంగుకి తిరిగింది. లక్క మాత్రం నిన్న వేసినట్టుంది. గోటితో గిల్లితే పెచ్చులుగా ఊడింది. మావయ్య గుండ్రటి చేతిరాత, నీలం సిరా.

"ఇంకా ఏమీ తట్టలేదు. తర్వాత రాస్తాను."

రెండోసారి చదివాను. వెనక్కి తిప్పి చూశాను. వెనక ఏమీ లేదు. మొదట నవ్వొచ్చింది, మంచంమీద కూలబడి ఒక్కదాన్నే నవ్వాను. ఆ తర్వాత, నలభై ఆరేళ్ళుగా నివురుకింద ఉన్న మంట అరికాలినుంచి నెత్తికెక్కింది. మా ముగ్గురిచేతా నిజం రాయించుకున్న మనిషి, అబద్ధం రాస్తే ప్రాణం నిలవదని వేలు ఊపిన మనిషి, తన వంతుకి ఇది మడిచి ముద్రవేసి, నా ప్రాణం నీ దగ్గరుందని నా కళ్ళలోకి చూసి చెప్పాడు. నాన్నగారు అడిగినందుకు భయపడి చెప్పాడని, భయం ఎవరికైనా సహజమేనని ఎప్పుడైనా సర్దిచెప్పుకుందామనుకునేదాన్ని. ఈ చీటీ రాసిన రోజు అతన్ని ఎవరూ భయపెట్టలేదు. అతనికి కాస్త బద్ధకంగా ఉంది, అంతే. నేనేమో దీన్ని పెళ్ళికి, కాన్పులకి, బదిలీలకి, ఇళ్ళు మారిన ప్రతిసారీ అన్నిటికంటే ముందు సర్దుకున్నాను.

కళ్ళు తుడుచుకుని బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. నాముందు పెట్టిన కాగితం ముక్క ఇంకా తెల్లగా అలాగే ఉంది. నా ముఖంలో ఏం చూసిందో ఏమో, మనవరాలు నా చేతిమీద చెయ్యి వేసింది. "పర్లేదులే అమ్మమ్మా, ఇప్పుడే రాయక్కర్లేదు. తర్వాత రాద్దువుగాని, ముందు ఆడదాం" అంది. నేను దాని చేతిలోంచి పెన్సిల్ లాక్కున్నాను. తర్వాత అన్నది ఎంత పొడుగుంటుందో ఆ పిల్లకేం తెలుసు, కొలిచి చూసినదాన్ని నేను.